కుందేలు బొమ్మ ఎక్కడి నుంచి వచ్చింది: సబ్బు డబ్బా మీది మాటల వెనక తొంభై ఏళ్ల కథ



ఈ వారం ఎపిసోడ్ సబ్బులు, షాంపూలు, లిప్‌స్టిక్‌ల గురించి. "సైట్ సూపర్‌వైజర్‌కి వీటితో ఏం పని?" అని నవ్వకండి. ఊరికి పోయే ముందు సూట్‌కేసు సర్దేటప్పుడు మనందరం కొనేవి ఇవే కదా. అమ్మకు కాళ్ల పగుళ్ల క్రీము, చెల్లికి లిప్‌స్టిక్, బావమరిదికి షేవింగ్ సామాను, పిల్లలకు షాంపూ. ఇదివరకు ధర చూసేవాళ్లం, వాసన చూసేవాళ్లం, బుట్టలో వేసేవాళ్లం. ఇప్పుడు కాలేజీకి పోయే పిల్లలు ఫోన్ చేసి "నాన్నా, వీగన్‌దే తీసుకురా, క్రూయల్టీ ఫ్రీ అని ఉందో లేదో చూడు" అంటున్నారు. ఇక్కడ అమెరికాలో ఏ షాపుకి పోయినా ఒక డబ్బా మీద ఆకు బొమ్మ, ఇంకోదాని మీద కుందేలు బొమ్మ. రెండూ ఉన్నదానికి రెండు డాలర్లు ఎక్కువ.

నేను ఐటీఐ చదివినవాణ్ని, కెమిస్ట్రీ పండితుణ్ని కాను. కానీ సైట్ మీదికి ఏ సరుకు వచ్చినా టెస్ట్ కాగితం చూడకుండా లారీ దించనివ్వను. డబ్బా మీద రాసిన మాటకు అర్థం ఏంటి, ఆ మాట ఎవరు పెట్టారు, దానికి పూచీ ఎవరు? ఈ మూడూ తెలుసుకుని డబ్బు పెడితే మంచిది. ఆ మాటల వెనక ఎంత కథ ఉందో వింటే మీరూ ఆశ్చర్యపోతారు. ఆ కథలో మనలాంటి ఓ కూలీ కూడా ఉన్నాడు.

రెండు మాటలు, మూడు ప్రశ్నలు

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. వీగన్ అన్నా క్రూయల్టీ ఫ్రీ అన్నా ఒకటే అని మనలో చాలామంది అనుకుంటాం. ఒకటి కాదు.

వీగన్ అంటే ఆ సరుకులో జంతువు నుంచి వచ్చిన పదార్థం ఏదీ లేదని. కొవ్వు, పాలు, తేనె, మైనం, ఉన్ని జిడ్డు, పురుగుల రంగు, ఏదీ ఉండకూడదు. అంటే ఇది సరుకు లోపల ఏముందో చెప్పే మాట.

క్రూయల్టీ ఫ్రీ అంటే ఆ సరుకును జంతువుల మీద పరీక్ష చేయలేదని. ఇది సరుకు ఎలా తయారై బయటికి వచ్చిందో చెప్పే మాట.

తేనెమైనం కలిపిన పెదాల బామ్‌ని ఏ జంతువు మీదా పరీక్షించకపోతే అది క్రూయల్టీ ఫ్రీ, కానీ వీగన్ కాదు. అచ్చంగా మొక్కల నుంచి తీసిన క్రీముని కుందేలు కంట్లో వేసి చూస్తే అది వీగన్ అవుతుంది, క్రూయల్టీ ఫ్రీ కాదు.

మూడో ప్రశ్న ఇంకొకటుంది: "ఇది నా ఒంటికి పడుతుందా? ప్రమాదం ఏమైనా ఉందా?" దానికి ఈ రెండు మాటల్లో ఒక్కటి కూడా జవాబు చెప్పదు. మన ఒంటి మీదికి వచ్చేది ఆ మూడో ప్రశ్నే. తమాషా ఏంటంటే, ఈ కథ మొదలైంది కూడా ఆ మూడో ప్రశ్నతోనే.

1933: కనురెప్పల రంగు

సైట్ మీద మనం పాటించే ప్రతి రూలు వెనకా ఎక్కడో ఒక ప్రమాదం ఉంటుంది. ఎవరో పడిపోయాక రెయిలింగ్ రూలు వస్తుంది, ఎవరి మీదో మట్టి కూలాక గుంతల రూలు వస్తుంది. సౌందర్య సాధనాల కథ కూడా అంతే.

అమెరికాలో 1906లో వచ్చిన ఆహార, ఔషధ చట్టంలో సౌందర్య సాధనాల ఊసే లేదు. ఎవడైనా ఏదైనా కలిపి, అందం పెరుగుతుందని రాసి అమ్ముకోవచ్చు. ఆ రోజుల్లో లాష్ లూర్ అని కనురెప్పల వెంట్రుకలకు వేసే రంగు ఒకటి బ్యూటీ పార్లర్లలో నడిచేది. 1933లో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో ఒకావిడ బడి పిల్లల తల్లిదండ్రుల విందుకు వెళ్తూ పార్లర్‌లో ఆ రంగు వేయించుకుంది. కళ్లు వాచిపోయాయి, పుళ్లు పడ్డాయి, చివరికి చూపు పోయింది. ఆ రంగుతో దెబ్బతిన్నది ఆవిడ ఒక్కతే కాదు. ఒక ప్రాణం కూడా పోయింది. అందులో ఉన్న రసాయనం పేరు పారాఫినైలీన్‌డయమైన్, పొట్టిగా పీపీడీ. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

అప్పటి ఎఫ్‌డీఏ అధికారులకు కోపం ఉంది గానీ చేతిలో చట్టం లేదు. అందుకని ఇలాంటి సరుకుల డబ్బాలు, వాటివల్ల దెబ్బతిన్నవాళ్ల ఫొటోలు పోగు చేసి ఒక ప్రదర్శన పెట్టారు. పత్రికలవాళ్లు దానికి అమెరికా భయానక గది అనే అర్థం వచ్చేలా పేరు పెట్టారు. డేటన్ ఆవిడ కళ్లు పోకముందు ఫొటో, పోయాక ఫొటో పక్కపక్కనే ఉండేవి. అయినా చట్టం రావడానికి ఐదేళ్లు పట్టింది. 1937లో ఎలిక్సిర్ సల్ఫనిలమైడ్ అనే మందు తాగి వందమందికి పైగా చనిపోయాక గానీ కదలిక రాలేదు. 1938 జూన్ 25న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కొత్త చట్టం మీద సంతకం పెట్టాడు. దాని కింద మొదట పట్టుకున్న సరుకుల్లో లాష్ లూర్ ఒకటి.

1944: ఆడవాళ్ల కన్ను తప్పింది, కుందేలు కన్ను దొరికింది

ఆ చట్టం సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించి తీరాలని ఎక్కడా అనలేదు. హాని చేసే సరుకు అమ్మకూడదని మాత్రమే అంది. మరి హాని చేస్తుందో లేదో ముందే ఎలా తెలుస్తుంది? 1944లో ఎఫ్‌డీఏ శాస్త్రవేత్త జాన్ డ్రేజ్, ఆయన సహచరులు కలిసి ఒక పద్ధతి ప్రకటించారు. తెల్ల కుందేలు ఒక కంట్లో కొద్దిగా ఆ పదార్థం వేయడం, రెండో కన్ను పోల్చి చూసుకోవడానికి వదిలేయడం, తర్వాత రోజుల తరబడి ఎరుపు, వాపు, పుండు ఎంతుందో చూసి మార్కులు వేయడం. కుందేలే ఎందుకంటే అది చవక, సాధువు, కన్ను పెద్దది, మనకు కారినంతగా కన్నీళ్లు దానికి కారవు. వేసిన పదార్థం కంట్లోనే నిలిచి ఉంటుంది. గోక్కోకుండా మెడ పట్టి ఉంచే చట్రాల్లో పెట్టేవాళ్లు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. డ్రేజ్ పరీక్ష క్రూరత్వం కోసం పుట్టలేదు. ఇంకో ఆడమనిషి చూపు పోకూడదని పుట్టింది. కానీ ముప్పై ఏళ్లు గడిచేసరికి అది ఆలోచన లేని అలవాటుగా మారిపోయింది. కొత్త రంగు షాంపూ వస్తే కుందేళ్లు, పాత షాంపూకి కొత్త వాసన కలిపితే మళ్లీ కుందేళ్లు. పోనీ ఫలితాలు గట్టివా అంటే అదీ లేదు. 1971లో వీల్, స్కాలా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒకే రకం పదార్థాలను ఇరవైకి పైగా ల్యాబులకు పంపించి చూశారు. ఒక ల్యాబు ఘోరమన్న దాన్ని ఇంకో ల్యాబు ఏమీ కాదంది. ఒకే కాంక్రీటు క్యూబుకి రెండు ల్యాబులు రెండు బలాలు చెప్తే ఆ రిపోర్టు పట్టుకుని మనం స్లాబు పోస్తామా?

ఓడ కూలీ వచ్చాడు

ఈ అలవాటును కదిలించినవాడు డాక్టరు కాదు, లాయరు కాదు, డబ్బున్నవాడు అసలే కాదు. హెన్రీ స్పైరా. 1927లో బెల్జియంలోని యాంట్వెర్ప్‌లో పుట్టాడు. కుటుంబం పనామాకు పోయింది, అక్కడి నుంచి 1940లో న్యూయార్క్ చేరింది. మనలాగే వలస వచ్చినవాడు. సరుకు ఓడల మీద పనిచేశాడు, నావికుల యూనియన్‌లో తిరిగాడు, న్యూజెర్సీలో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీలో లైన్ మీద నిలబడ్డాడు. తర్వాత న్యూయార్క్‌లో పేద పిల్లల బళ్లో టీచరు అయ్యాడు.

యూనియన్‌లో నేర్చుకున్న పద్ధతులనే జంతువుల కోసం వాడాడు. ముందు 1976లో న్యూయార్క్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పిల్లుల మీద జరుగుతున్న ప్రయోగాలకు వ్యతిరేకంగా వారం వారం గేటు ముందు నిలబడ్డాడు. మరుసటి ఏడాదికి అవి ఆగిపోయాయి. తర్వాత కన్ను సౌందర్య సాధనాల మీద పడింది. అన్ని కంపెనీల మీదా ఒకేసారి పడలేదు. పేరున్న ఒక్క కంపెనీని ఎంచుకున్నాడు: రెవ్లాన్.

ఆయన పని చేసిన తీరు నాకు చాలా నచ్చింది. మొదట గొడవ పెట్టుకోలేదు, వెళ్లి మాట్లాడాడు. "రేపటి నుంచి ఆపేయండి" అని కూడా అడగలేదు. మీ అమ్మకాల్లో వంద డాలర్లకు ఒక్క సెంటు చొప్పున పక్కన పెట్టండి, కుందేళ్లు అక్కర్లేని పరీక్ష కనుక్కోవడానికి ఆ డబ్బు వాడండి, అన్నాడు. అవతలివాడు చేయగలిగిన పని అడిగాడన్నమాట. ఏడాదికి పైగా తిరిగాడు, జవాబు లేదు. అప్పుడు వందలాది సంఘాలను కూడగట్టాడు. 1980 ఏప్రిల్ 15న న్యూయార్క్ టైమ్స్‌లో పేజీ నిండా ఒక ప్రకటన వచ్చింది. అందం పేరుతో రెవ్లాన్ ఎన్ని కుందేళ్ల కళ్లు పోగొడుతోందని అది సూటిగా అడిగింది. మే నెలలో ఆ కంపెనీ ఆఫీసు ముందు జనం కుందేలు వేషాలు వేసుకుని నిలబడ్డారు.

లిప్‌స్టిక్ అమ్ముకునేవాడికి పరువే పెట్టుబడి. 1980 డిసెంబరులో రెవ్లాన్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీకి 7,50,000 డాలర్లు ఇస్తామని ప్రకటించింది. ఒకరు ఇచ్చాక మిగతావాళ్లు ఊరుకుంటారా? ఏవాన్ ముందుకొచ్చింది, తర్వాత మిగతావాళ్లు. 1981లో సౌందర్య సాధనాల కంపెనీల సంఘం ఇచ్చిన డబ్బుతో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో జంతు పరీక్షలకు ప్రత్యామ్నాయాలు వెతికే కేంద్రం మొదలైంది. 1989లో ఏవాన్, రెవ్లాన్ రెండూ జంతువుల మీద పరీక్షలు ఆపేస్తున్నామని చెప్పాయి. స్పైరా 1998లో పోయాడు. ఆయన వెనక పెద్ద ఆఫీసు లేదు. పని అంతా తన అపార్ట్‌మెంట్ నుంచే నడిపాడు.

ఆ వెతుకులాటలో నుంచే కొత్త పరీక్షలు వచ్చాయి. ఆపరేషన్లలో తీసేసిన మనిషి చర్మం నుంచి కణాలు తీసి, ల్యాబులో పలుచటి చర్మం పొరలు పెంచి వాటి మీద చూస్తున్నారు. కంటి పొర కూడా అలాగే పెంచుతున్నారు. హైదరాబాద్ సీసీఎంబీ ఇంక్యుబేషన్ సెంటర్‌లో కూడా జంతువులు అక్కర్లేని పరీక్షల కోసం ఒక కేంద్రం పెట్టారు.

మాట ఇవ్వడం వేరు, కాగితం ఇవ్వడం వేరు

1989 తర్వాత కొత్త గోల మొదలైంది. ప్రతివాడూ డబ్బా మీద ఒక కుందేలు బొమ్మ వేసుకున్నాడు. ఒకడు తయారైన సరుకును పరీక్షించలేదంటాడు, కానీ అందులో వాడిన ముడి పదార్థాలను పరీక్షించి ఉంటారు. ఇంకొకడు తాను చేయలేదంటాడు, బయటి ల్యాబుకి డబ్బిచ్చి చేయించి ఉంటాడు. మెయిన్ కాంట్రాక్టరు "నా మనుషులు ఎవరూ పడలేదు" అంటే సబ్ కాంట్రాక్టరు దగ్గర ఎంతమంది పడ్డారని అడగాలి కదా, అలాగన్నమాట.

ఇప్పటికీ అమెరికా ఫెడరల్ చట్టంలో క్రూయల్టీ ఫ్రీ అనే మాటకు నిర్వచనం లేదు. ఎఫ్‌డీఏనే ఆ సంగతి చెప్తుంది. అందుకే 1996లో ఎనిమిది జంతు సంరక్షణ సంఘాలు కలిసి లీపింగ్ బన్నీ అనే పద్ధతి పెట్టాయి. దాని గుర్తు దూకుతున్న కుందేలు. అది కావాలంటే కంపెనీ ఒక తేదీ పెట్టుకుని, ఆ తేదీ తర్వాత తనూ, తనకు ముడి సరుకు ఇచ్చేవాళ్లూ జంతు పరీక్షలు చేయలేదని కాగితాలు చూపించాలి, తనిఖీకి ఒప్పుకోవాలి. పీటా సంస్థకు కూడా ఒక కుందేలు గుర్తు ఉంది. అది ఎక్కువగా కంపెనీ రాసిచ్చిన హామీ మీద నడుస్తుంది. ఈ రెండూ కాని కుందేలు కనిపిస్తే అది ఉత్త బొమ్మే అనుకోండి.

మాట ఇచ్చినవాళ్లు కూడా ఎప్పుడూ నిలబడలేదు. చైనాలో అమ్మాలంటే అప్పట్లో అక్కడి ప్రభుత్వం జంతు పరీక్షలు చేయించేది. పెద్ద బజారు, వదులుకోలేకపోయారు. 2012లో పీటా తన జాబితా నుంచి ఏవాన్, మేరీ కే, ఎస్టీ లాడర్ పేర్లు తీసేసింది. 2021 మే నుంచి చైనా మామూలు సౌందర్య సాధనాల దిగుమతికి కొన్ని షరతులతో ఆ పరీక్షలు అక్కర్లేదంది.

చట్టాలు మెల్లగా వచ్చాయి. యూరోపియన్ యూనియన్ 2013 మార్చి 11 నుంచి జంతువుల మీద పరీక్షించిన సౌందర్య సాధనాల అమ్మకాన్నే ఆపేసింది. ఈ విషయంలో మన దేశం అమెరికా కంటే ముందుంది. 2014లో భారత ప్రభుత్వం ఇటువంటి పరీక్షలను నిషేధించింది, అదే ఏడాది నవంబరు నుంచి అలా పరీక్షించిన సరుకు దిగుమతిని కూడా ఆపింది. అమెరికాలో కాలిఫోర్నియా 2018లో చట్టం చేసి 2020 జనవరి 1 నుంచి అమలు చేసింది. నెవాడా, ఇల్లినాయి అదే రోజు నుంచి, తర్వాత న్యూయార్క్, న్యూజెర్సీ లాంటివి, మొత్తం పదికి పైగా రాష్ట్రాలు ఆ దారిలో నడిచాయి. దేశం మొత్తానికి అలాంటి నిషేధం ఇంకా లేదు. 2022 డిసెంబరులో వచ్చిన కొత్త సౌందర్య సాధనాల చట్టంలో జంతు పరీక్షలు క్రమంగా పోవాలని కాంగ్రెస్ తన అభిప్రాయం రాసింది, అంతే.

వీగన్ మాట ఒక వడ్రంగి మాస్టారిది

వీగన్ అనే మాట కూడా 1944లోనే పుట్టింది. ఇక్కడ డ్రేజ్ తన పరీక్ష ప్రకటించిన ఏడాదే ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయన కొద్దిమంది మిత్రులతో వీగన్ సొసైటీ పెట్టాడు. ఆయన బళ్లో వడ్రంగం నేర్పే మాస్టారు. మాంసం మానితే చాలదు, పాలు, గుడ్లు కూడా వద్దనేవాళ్లకు ఒక పేరు కావాలని ఈ మాట తయారు చేశారు. తిండి దగ్గర మొదలైన మాట తర్వాత తోలు చెప్పులకు, సబ్బులకు, లిప్‌స్టిక్‌లకు పాకింది.

మనకు శాకాహారం లెక్క తెలుసు కాబట్టి ఇదీ అదే అనుకుంటాం. కాదు. పాలు, మీగడ, తేనె మనకు శాకాహారమే, కార్తీక మాసంలో కూడా వాడతాం. వీగన్‌కు అవి పనికిరావు. నలుగుపిండిలో మీగడ కలిపితే అది వీగన్ కాదు, నూనె కలిపితే వీగన్. కుంకుడుకాయ, శీకాయ, గోరింటాకు ఎవరూ ముద్ర వేయకుండానే వీగన్.

డబ్బా వెనక చూడాల్సిన పేర్లు కొన్ని చెప్తాను.

సోడియం టాలోవేట్: పశువుల కొవ్వుతో చేసిన సబ్బు. మామూలు సబ్బు బిళ్లల్లో చాలాసార్లు కనిపిస్తుంది. అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు, నీసు ముట్టనివాళ్లు ముందు చూడాల్సిన మాట ఇదే.

లానొలిన్: గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు. సిమెంటుతో చేతులు పగిలినవాళ్లు వాడే క్రీముల్లో ఉంటుంది.

కార్మైన్, లేదా సీఐ 75470: లిప్‌స్టిక్‌లో ఎర్ర రంగు. నాగజెముడు జాతి మొక్కల మీద బతికే చిన్న పురుగులను ఎండబెట్టి తీస్తారు. అర కిలో రంగుకు దగ్గర దగ్గర 70,000 పురుగులు కావాలంటారు. 2011 జనవరి నుంచి అమెరికాలో దీని పేరు లేబుల్ మీద విడిగా రాయాలని రూలు ఉంది, ఎందుకంటే కొందరికి ఇది పడక ప్రాణం మీదికి వచ్చింది.

షెల్లాక్: మన లక్కే. కొన్ని గోళ్ల రంగుల్లో ఉంటుంది. బీస్‌వాక్స్ అంటే తేనెమైనం. కెరటిన్ అంటే కొమ్ములు, గిట్టలు, వెంట్రుకల నుంచి వచ్చేది.

గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్ మాత్రం కొవ్వు నుంచీ రావచ్చు, మొక్కల నూనె నుంచీ రావచ్చు. పేరు చూసి చెప్పలేం. అక్కడే వీగన్ ముద్ర పనికొస్తుంది.

మన దేశంలో పూణేలో 1974లో మొదలైన బ్యూటీ వితౌట్ క్రూయల్టీ సంస్థ ఈ విషయాలు ఎప్పటి నుంచో చెప్తోంది. 2014లో కేంద్రం సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద కూడా తిండి ప్యాకెట్ల మాదిరి ఆకుపచ్చ చుక్క లేదా ఎరుపు, గోధుమ రంగు చుక్క ఉండాలని రూలు తెచ్చింది. అమెరికాలో అలాంటి చుక్క లేదు. ఇక్కడ మనమే చదువుకోవాలి.

కుందేలు చెప్పని సంగతి

ఇప్పుడు ఆ మూడో ప్రశ్న దగ్గరికి వద్దాం. మా సైట్ మీద ఒక నిజామాబాద్ తమ్ముడున్నాడు. నలభై దాటింది. మనలో చాలామంది మాదిరే పదిహేను రోజులకోసారి జుట్టుకీ మీసానికీ రంగు వేస్తాడు. తెల్ల వెంట్రుక కనబడితే పని తగ్గిస్తారేమోనని భయం. ఒక సోమవారం పొద్దున్న మొహం గుమ్మడికాయలా వాచి వచ్చాడు, కళ్లు తెరుచుకోవట్లేదు. ఏమైందంటే "అన్నా, కొత్త రంగు వేసిన. డబ్బా మీద ఆకు బొమ్మ ఉంది గదా, ఏం గాదనుకున్న" అన్నాడు. డబ్బా తెప్పించి చూశాను. వీగన్ అని ఉంది, నిజమే. వెనక చిన్న అక్షరాల్లో పారాఫినైలీన్‌డయమైన్ అని కూడా ఉంది.

గుర్తుందా? 1933లో డేటన్ ఆవిడ కళ్లు తీసిన రసాయనమే. అది నల్లటి హెయిర్ డైలలో ఈ రోజుకీ ఉంది. 1938 చట్టంలో తారు రంగులతో చేసే హెయిర్ డైకి ఒక మినహాయింపు దొరికింది: ముందు కొద్దిగా చర్మం మీద పూసి చూసుకోవాలని, కనురెప్పలకూ కనుబొమ్మలకూ వాడకూడదని, వాడితే చూపు పోవచ్చని లేబుల్ మీద రాస్తే అమ్ముకోవచ్చు. ఆ హెచ్చరిక మీ ఇంట్లో డబ్బా మీద కూడా ఉంటుంది. చదివేవాళ్లు తక్కువ.

పీపీడీ ఫ్యాక్టరీలో తయారయ్యే రసాయనం, జంతువుతో సంబంధం లేదు. కాబట్టి వీగన్ ముద్రకు అది అడ్డు కాదు. అదేవిధంగా పాదరసం కలిపిన ఫెయిర్‌నెస్ క్రీములో జంతువు లేకపోవచ్చు, కానీ పాదరసం కిడ్నీలను తినేస్తుంది. అమెరికాలో ఆ క్రీములు నిషేధం, అయినా చిన్న కొట్లలో దొరుకుతూనే ఉంటాయి. సీసం ఉన్న కాటుక, సుర్మా కూడా అంతే. ఎఫ్‌డీఏ వాటిని కళ్లకు వాడే రంగుగా ఒప్పుకోదు, దిగుమతిని ఆపుతుంది. ఊరి నుంచి పసిపిల్లలకని తెచ్చుకునేవాళ్లు ఇది ఆలోచించాలి. షాపుల్లో, పెళ్లిళ్లలో పెట్టే నల్ల గోరింటాకు కోన్లలో చాలాసార్లు పీపీడీ ఉంటుంది. గోరింటాకు పండితే ఎర్రగా ఉంటుంది గానీ, పెట్టిన గంటకే నల్లగా పండదు.

కొనే ముందు

పెద్ద చదువులు అక్కర్లేదు. ఈ నాలుగు చూస్కోండి.

ఒకటి, మీకు కావాల్సింది ఏంటో ముందు తేల్చుకోండి. నీసు వద్దా, జంతువుల బాధ వద్దా, ఒంటికి పడేది కావాలా? ఒక్కో దానికి ఒక్కో చోట చూడాలి.

రెండు, బొమ్మ కాదు, ముద్ర చూడండి. లీపింగ్ బన్నీ వాళ్ల వెబ్‌సైట్‌లో, పీటా జాబితాలో కంపెనీ పేరు ఉచితంగా వెతుక్కోవచ్చు. ఫోన్‌లో ఒక నిమిషం పని. నాచురల్, గ్రీన్, క్లీన్ లాంటి మాటలకు అలాంటి పూచీ ఏదీ లేదు.

మూడు, వెనక చిన్న అక్షరాలు చదవండి. అవి ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. హెయిర్ డై అయితే మోచేతి లోపలి వైపు కొద్దిగా పూసి 48 గంటలు ఆగండి. దురద, వాపు వస్తే ఆ రంగు మీకొద్దు. మొహం వాచి ఊపిరి ఆడకపోతే ఇన్సూరెన్స్ లేదు, బిల్లెంతవుతుందో అని ఆలోచిస్తూ కూర్చోవద్దు, 911కి ఫోన్ చేయండి.

నాలుగు, ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన ఎక్కువ దయ అని కాదు. రెండు ముద్రలూ ఉన్న చవక సబ్బులూ, చవక లిప్‌స్టిక్‌లూ మామూలు షాపుల్లోనే దొరుకుతాయి.

మన పిల్లలు వీగన్ అని, క్రూయల్టీ ఫ్రీ అని అడుగుతుంటే ఫ్యాషన్ అని కొట్టిపారేయకండి. ఒక ఆడమనిషి చూపు పోతే ఒక చట్టం వచ్చింది. ఆ చట్టం నీడలో లెక్కలేనన్ని కుందేళ్ల కళ్లు పోయాయి. ఓడల మీదా, కార్ల ఫ్యాక్టరీలోనూ చెమటోడ్చిన ఒక వలస మనిషి వెళ్లి, వంద డాలర్లకు ఒక్క సెంటు పెట్టమని అడిగాడు. ఆ కుందేలు బొమ్మ అంత దూరం నుంచి వచ్చింది. దాన్ని గౌరవిద్దాం. కానీ అది చెప్పే మాట మాత్రమే దాని నుంచి తీసుకుందాం. మిగతాది డబ్బా వెనక ఉంటుంది, తిప్పి చదువుకుందాం.

ఈ రాత్రి మీ గదిలో ఉన్న హెయిర్ డై డబ్బా ఒకసారి తీసి వెనక చూడండి. పక్క గదిలో చదవడం రాని అన్న ఉంటే ఆయన డబ్బా కూడా చదివి పెట్టండి. ఉంటాను మరి. జాగ్రత్తగా పని చేసుకోండి.